ఏడు ముడుల కొలతాడు

విజయనగరం,
10 జనవరి 1923.

కొండ ఎక్కగానే అక్కని మరిచిపోయిన తమ్ముడు కృష్ణమూర్తికి, రత్నాలు రాస్తున్నది.

నువ్వు గుమ్మలక్ష్మీపురంలో ఫారెస్టు రేంజరువై ఏడాది దాటింది. రాసిన ఉత్తరాలు రెండు. రెండింటి నిండా చలే. నీ చలి సంగతి నాకెందుకురా? ఈసారి నాకు పని పడింది కాబట్టి రాస్తున్నాను. పక్కన పడెయ్యకుండా చివరిదాకా చదువు.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే యర్రయ్య నాకు వీణ చేసిపెట్టడానికి ఒప్పుకున్నాడు. మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళూ అరువు వీణ మీదే పిల్లలకి పాఠాలు చెప్పాను. నా ఎడమ మణికట్టు సంగతి నీకు తెలుసు. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. మామూలు వీణ దండి చుట్టూ ఆ చెయ్యి తిరగదు, చివరి మెట్ల దాకా సాగదు. నేను వాయించేది సగం వీణే. వినేవాళ్ళు మర్యాదకి తల ఊపుతారు.

యర్రయ్య నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, ఈ వొంకర నాను తియ్యలేను. ఈ వొంకరకి సరిపడ్డ వీణ సేసి ఇత్తాను" అన్నాడు. ఇన్నేళ్ళలో నా చేతి గురించి నాకు నచ్చిన మాట అదొక్కటే.

అతనికి పనస మాను కావాలి. కుండ, దండి, దాని కొసన సింహం మొహంలాంటి యాళి తల అన్నీ ఒకే మానులోంచి తొలుస్తాడు, అతుకు పెట్టడు. నిలువునా ఎండిన ముదురు చెట్టయితే వెంటనే పని మొదలుపెట్టొచ్చట. అది కొండ మీదే దొరుకుతుందన్నాడు. కొండ మీద నాకు ఉన్నది నువ్వే.

దీనితో కొలతాడు పంపుతున్నాను. నా చేత్తోనే నూలు పేని పసుపు రాశాను. ఏడు ముడులు. యాళి దగ్గర మొదలై కుండ చివరతో ఆఖరు. రెండో ముడి నుంచి నాలుగో ముడి దాకా ఉన్న ఎడం నా మోచేతి నుంచి వేలి కొస దాకా, మణికట్టు వంకరతో సహా. కుండ వైపు ఏదో తెలియడానికి ఏడో ముడికి కుంకం పూశాను. మాను తాడుకన్నా జానెడు ఎక్కువ ఉండాలి. తాడు పోగొట్టకు, యర్రయ్యకి చేర్చాలి.

వరహాలరావు పోయిన నెల మళ్ళీ కబురు పంపాడు, కాపరానికి రమ్మని. పాత వీణ ముక్కలు అటక మీద దాచాడట. వాటితోనే కాపరం చెయ్యమను.

అక్క,
రత్నాలు.

*

గుమ్మలక్ష్మీపురం,
24 జనవరి 1923.

అక్కకి, చిన్నప్పుడు నీచేత చెవులు మెలితిప్పించుకుని బాగుపడిన తమ్ముడు దండం పెట్టి రాసేది.

ఇక నన్ను తిట్టకు. నీ మాను దొరికింది.

ఇక్కడికి ఆరు మైళ్ళు ఎగువన పనసగూడ అని సవరల పల్లె. ముప్ఫై ఇళ్ళుంటాయేమో. పల్లె మొగలో రాళ్ళు పాతిన చోట ఒక పనస నిలువునా ఎండి ఉంది. ఇద్దరు చేతులు కలిపితేగానీ అందనంత చుట్టు. వాళ్ళు దాని కొమ్మ కూడా విరవరు, ఏదో దేవత ఉందంటారు. ఇక్కడ ప్రతి రాయికీ ఒక దేవత ఉంది. నేను లెక్క పెట్టుకుంటూ కూర్చుంటే సర్కారు అడవిలో కర్ర ఒక్కటి కిందకి దిగదు.

ఈ సవరలతో వేగలేక చస్తున్నాను. పోయిన ఏడు పోడు కొట్టొద్దని చెప్పాను, వినలేదు. ఈసారి ఖాళీ చేయించి ఇళ్ళు పీకిస్తానని బెదిరించాను. అప్పటి నుంచి నన్ను చూస్తే పులిని చూసినట్టు లోపలికి పోతారు. నీ తమ్ముడు ఇక్కడ పులి, అక్కా. అక్కడ నీ ముందే పిల్లి.

మొన్న సంత రోజున మా గార్డు మల్లేశుకి నీ తాడిచ్చి పంపాను. చెట్టుకి మేకు కొట్టి నిలువునా వేలాడకట్టి, గొడ్డలితో గాటు పెట్టి రమ్మన్నాను. మళ్ళీ సంతకి కోతగాళ్ళు దొరుకుతారు. వాళ్ళు వెళ్ళేసరికి ఏ చెట్టో, ఎంత పొడుగో వెతుక్కోకుండా తాడే చెబుతుంది. చూశావా నా తెలివి?

మల్లేశు దిగువ నుంచి వచ్చినవాడు, సవర మాట ఒక్కటి రాదు. "సెట్టుకి తాడు కట్టీసి వొచ్చీడానికి మాటలేటికి బాబూ?" అని నవ్వుతూ పోయాడు. వారం తిరిగేసరికి నీ మాను బండెక్కుతుంది.

తమ్ముడు,
కృష్ణమూర్తి.

*

గుమ్మలక్ష్మీపురం,
12 ఫిబ్రవరి 1923.

అక్కకి,

ఆలస్యమైంది, కోపగించకు. ఇక్కడ అంతా తలకిందులైంది.

మల్లేశు చచ్చిపోయాడు. పోయిన నెలాఖరు సంత రోజున పనసగూడ వెళితే సవరలు బాణంతో కొట్టారు. గొంతులో దిగింది. కోతగాళ్ళిద్దరూ వాణ్ణి మోసుకుంటూ దిగారు. బాణం లాగితే నెత్తురు ఆగదని లాగలేదు, లాగకపోయినా ఆగలేదు. నా బంగళా అరుగు మీద పడుకోబెట్టేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తూ పోయాడు.

మర్నాడు రిజర్వు పోలీసులు ఎక్కారు. గూడెం వైపు తిరుగుబాటు, ఆ ఫితూరీ గాలి ఇటు కూడా మళ్ళిందని వాళ్ళకి ముందే అనుమానం. పనసగూడలో ఒక్క పల్లె జనం కాదు, అయిదు పల్లెల మగాళ్ళు గొడ్డళ్ళతో, బాణాలతో పోగై ఉన్నారు. ఇంక అనుమానం ఏముంది? కాల్చారు. పదకొండు మంది పడ్డారు. గూడ పెద్ద భీముడు రెండు దెబ్బలు తిని కూడా గొడ్డలితో మీదికొచ్చాడు, మూడోది మొహం మీద కొట్టారు. ఇళ్ళన్నీ తగలబెట్టారు. గాదెల్లో సామలు కాలిన వాసన నా బట్టల్లోంచి ఇంకా పోలేదు. భీముడి తమ్ముడు మంగ్లునీ, ఇంకో ఆరుగురినీ కట్టి దింపారు. దారి పొడుగునా కొడుతూనే ఉన్నారు.

నీ మాను దిగింది. యర్రయ్యకి చేరింది, తాడు కూడా ఇచ్చాను.

ఒంట్లో బాగులేదు. ఎక్కువ రాయలేను.

కృష్ణమూర్తి.

*

విజయనగరం,
20 ఏప్రిల్ 1923.

నా బంగారు తమ్ముడికి,

వీణ వచ్చింది! నిన్న మధ్యాహ్నం యర్రయ్య తనే బండిలో గడ్డి పరిచి పసిబిడ్డలా తెచ్చాడు. దింపిన దగ్గర నుంచీ నేను అన్నం తినలేదు.

నాకు పొగడటం చేతకాదని నీకు తెలుసు. అందుకని పరీక్ష పెట్టాను. ముందు తప్పులు చెబుతాను. యాళి ఎడమ కన్ను కుడికన్ను కన్నా పెద్దది, నన్ను చూసి వెటకారంగా నవ్వుతున్నట్టుంది. తీగ బిగించే మూడో బిరడా కాస్త జారుతోంది, సుద్ద రాయాలి. మెట్ల కింద మైనం ఇంకా లేత, ఈ ఎండలకి తొమ్మిదో మెట్టు కొద్దిగా కుంగి జీర వచ్చింది. యర్రయ్య వెంటనే దీపం పెట్టి మైనం కరిగించి సరిచేశాడు. అంతే. ఇంక నాకు తప్పులు దొరకలేదు, దొరకలేదని కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు మంచి విను. దండి సన్నంగా ఉంది, నా వంకర చెయ్యి దాని చుట్టూ అలవాటైనట్టు తిరిగింది. నాలుగు వేళ్ళు పొట్టి వీణ, నాదం పొట్టి కాదు. సారణి తీగ ఒక్కసారి మీటి ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయాక కూడా అది పలుకుతూనే ఉంది. అనుమంద్రం మీటితే కుండలోంచి వచ్చే పలుకు నా తొడకి తెలుస్తుంది. తీగ లాగితే స్వరం ఎక్కడా విరగదు. ఇక ఇరవై నాలుగో మెట్టు, ఆఖరుది. తొమ్మిదేళ్ళలో నా వేలు మొదటిసారి అక్కడికి వెళ్ళింది. ఆ స్వరం పలకగానే భోరుమని ఏడ్చాను. యర్రయ్య కంగారుపడి, "ఏటమ్మా, తేడా వొచ్చినాదా?" అన్నాడు. తేడా రాలేదయ్యా, అదే ఏడుపు అన్నాను.

కొలతాడు వీణ మెడకే కట్టి ఇవ్వడం వాళ్ళ ఇంటి ఆనవాయితీట. కట్టి ఇచ్చాడు. తాడంతా నల్లబడి గట్టిగా అయిపోయింది. వానలో తడిపావా ఏమిటి?

నీ రుణం తీర్చుకోలేనురా.

అక్క.

*

విజయనగరం,
3 జూన్ 1923.

కృష్ణమూర్తికి,

వకీలు సత్యనారాయణగారి అమ్మాయి నా దగ్గర పాఠం నేర్చుకుంటుంది. నిన్న ఆయన పిల్లని తీసుకువెళ్ళడానికి వచ్చి, వీణ మెడలో తాడు చూసి మొహం మాడ్చుకున్నారు. పనసగూడ ముద్దాయిల తరఫున వాదించేది ఆయనే. పార్వతీపురం కచేరీలో పోలీసులు ఇలాంటి తాళ్ళే నాలుగు పెట్టారట. ఒక్కొక్కదానికి ఏడు ముడులు, ఏడో ముడి ఎర్రగా. అవి ఫితూరీకి పిలుపులని పోలీసుల మాట. తాళ్ళు పేని పల్లెపల్లెకీ పంపింది నేనే అని మంగ్లు ఒప్పుకున్నాడట. ఎందుకు పేనావంటే, "మా సెట్టుకి అలాగే కట్టినారు" అంటున్నాడట. ఎవరు కట్టారంటే గార్డు అంటాడు. గార్డు చచ్చాడు. చెట్టు మీది తాడు ఏదీ అంటే లేదు. అబద్ధమని తేల్చారు. పై నెలలో విచారణ ముగిస్తే మంగ్లుకి ఉరి ఖాయమని సత్యనారాయణగారు అన్నారు.

ఆయన వెళ్ళాక తాడు విప్పి నీళ్ళలో వేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను ఏడో ముడికి పెట్టిన కుంకం చిటికెడు. అది కుంకం కాదు.

నీ ఫిబ్రవరి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పదకొండు మంది చచ్చారని అప్పుడే రాశావు. నేను ఆ ఉత్తరం "నీ మాను దిగింది" అన్న ముక్క కోసమే చదివాను. మిగతాది నా కంటికి ఆనలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

జరిగింది ఉన్నదున్నట్టు రాయి.

రత్నాలు.

*

గుమ్మలక్ష్మీపురం,
11 జూన్ 1923.

అక్కకి,

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.

ఈ కొండల్లో రాత లేదు. పెళ్ళికో, పండక్కో, తగువుకో రోజు పెట్టాలంటే తాడుకి ముడులు వేసి పంపుతారు. ముడికో రోజు. రోజుకొకటి విప్పుకుంటూ పోతే ఆఖరి ముడి నాటికి అది జరుగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. సంతలో వందసార్లు చూశాను. నీ తాడు చేతిలో పట్టుకున్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. అది నా అక్క వీణ కొలత, అంతే. ఒట్టు, అంతే అనుకున్నాను.

మల్లేశు ఏమీ చెప్పకుండా వాళ్ళ దేవత చెట్టుకి ఆ తాడు కట్టి, గొడ్డలితో గాటు పెట్టి వచ్చేశాడు. ఖాళీ చేయిస్తానని బెదిరించినవాడి మనిషి అతను. వాళ్ళు తాడు చదువుకున్నారు. ఏడు రోజులు, ఏడో రోజున నెత్తురు. ఆ తాడు ముట్టుకోవడానికి ఎవడికీ ధైర్యం చాలలేదు. దాన్ని చూసి మంగ్లు నాలుగు పేనాడు, కోడి నెత్తురు పూసి నాలుగు పల్లెలకి పంపాడు, సాయం రమ్మని. నేను మళ్ళీ సంతకి, అంటే సరిగ్గా ఏడో రోజున, మల్లేశుని కోతగాళ్ళతో పంపాను. వాడు నేరుగా చెట్టు దగ్గరికి పోయి గొడ్డలి ఎత్తాడు. భీముడు బాణం వేశాడు. మల్లేశు ఆ చెట్టుని పట్టుకునే జారాడు, తాడు మీద నుంచే.

ఇదంతా మంగ్లు పెళ్ళాం దేముడమ్మ ఫిబ్రవరిలోనే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. ఇంకొకటి కూడా విను, ఎలాగూ తిడతావు. ఆ చెట్టు కాల్పులయిన మర్నాడే నరికించాను, తాడు దాంతోనే నా దగ్గరికి దిగింది. పోలీసులు దిగిపోతే మళ్ళీ ఎవడూ గొడ్డలి పట్టడని. శవాలు అప్పటికి ఇంకా ఎత్తలేదు. కోతగాళ్ళు దాటుకుంటూ పని చేశారు.

నేను ఇప్పుడు నోరు విప్పితే పర్మిటు లేకుండా దేవత చెట్టు నరికించినవాణ్ణి, పన్నెండు ప్రాణాలు పోవడానికి కారణమైనవాణ్ణి. ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. మంగ్లు ఎలాగూ తాళ్ళు పంపానని ఒప్పుకున్నాడు. నువ్వు ఆ తాడు పొయ్యిలో వెయ్యి. వీణ నీకు నచ్చింది, వాయించుకో.

కృష్ణమూర్తి.

*

విజయనగరం,
15 జూన్ 1923.

కృష్ణమూర్తికి,

వాయించుకోమంటున్నావు. ఎంత తేలిగ్గా వచ్చింద్రా ఆ మాట!

నా చెయ్యి ఎలా విరిగిందో నీకు ఒక్కడికే పూర్తిగా తెలుసు. మిగతా ఊరికి నేను మెట్ల మీంచి జారి పడ్డాను. ఆ రోజు వీధిలో అందరూ భోజనాలు చేస్తున్న వేళ. వరహాలరావు నా వీణ ఎత్తి స్తంభానికేసి కొట్టాడు. కుండ పగిలింది. దండి చేతిలో మిగిలితే దానితో నన్ను కొట్టాడు. అడ్డం పెట్టిన చెయ్యి విరిగిన చప్పుడు కూడా వాళ్ళకి వినిపించే ఉంటుంది. నేను అరిచాను. ఎదురింట్లో గిన్నెల మోత ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఒక్కరూ గుమ్మం దాటలేదు. మర్నాడు పరామర్శకి వచ్చి, మెట్ల మీద జాగ్రత్తగా ఉండాలమ్మా అన్నారు.

ఆ ఎదురింటివాళ్ళ మీద నాకు మొగుడి మీదకన్నా ఎక్కువ కసి. ఇప్పుడు నన్ను వాళ్ళలో కలవమంటున్నావు. మంగ్లు మెడకి తాడు బిగిస్తుంటే పక్కింట్లో కూర్చుని వీణ వాయించుకోవాలా?

నువ్వే వెళ్ళి చెప్పు. ఆ తాడు మా అక్కదని చెప్పు. నీకు నెలాఖరు దాకా గడువిస్తున్నాను. లేకపోతే నేను వెళతాను.

రత్నాలు.

*

గుమ్మలక్ష్మీపురం,
22 జూన్ 1923.

రత్నాలమ్మ గారికి,

నాకు గడువులు పెట్టేంతదానివయ్యావు. మొగుణ్ణి వదిలేసి వచ్చినదాన్ని నాన్న పోయాక ఎవడు ఆదుకున్నాడు? మాను ఎవడు పంపాడు? నీ ముచ్చట తీర్చబోయి నేను ఇందులో ఇరుక్కున్నాను. నీ చెయ్యి సవ్యంగా ఉంటే, నువ్వు అందరిలా బజారులో వీణ కొనుక్కుని ఉంటే, మల్లేశు బతికుండేవాడు. ఆ మాట ఎప్పుడైనా అనుకున్నావా?

నువ్వు కచేరీ మెట్లెక్కితే నీకు తమ్ముడు లేడు. అంతకు ముందే వస్తాను. గొడ్డలి పట్టుకుని వస్తాను. ఆ వీణని నీ కళ్ళముందే చీరి పొయ్యిలో పెడతాను. అడ్డం వస్తే రెండో చెయ్యి కూడా మిగలదు.

కృష్ణమూర్తి.

*

పార్వతీపురం,
19 జూలై 1923.

తమ్ముడికి,

తమ్ముడు లేడని నువ్వన్నా, పైన రాయడానికి నాకు వేరే మాట లేదు.

నీ ఉత్తరం అందిన రోజే వీణతో సహా సత్యనారాయణగారి ఇంటికి మారాను. నువ్వు వస్తావని భయం వేసింది. నిన్ను చూసి భయపడే రోజు వస్తుందని అనుకోలేదు. నువ్వన్నది మాత్రం అనుకున్నాను, చాలాసార్లు. మొదటి ముడి వేసింది నేనే. అందుకే నిన్న కచేరీకి వెళ్ళాను. నువ్వు జ్వరమని సెలవు పెట్టావట. అందుకని జరిగింది రాస్తున్నాను.

బోనులో మంగ్లు ఉన్నాడు. పాతికేళ్ళవాడు కాబోలు, అరవై ఏళ్ళవాడిలా వంగిపోయాడు. ఒక చెవి సగం లేదు. వీపు మీద చొక్కా అతుక్కుపోయి ఉంది. నేను సంచిలోంచి తాడు తీయగానే అతను పాముని చూసినట్టు అరిచి వెనక్కి దూకాడు. సంకెళ్ళతో సహా ఒక కానిస్టేబు మీద పడ్డాడు. ఇద్దరు కలిసి తుపాకీ మడమతో కడుపులో పొడిచారు. జడ్జీ దొర వారించేదాకా పొడుస్తూనే ఉన్నారు. ఆ తాడు నిజంగా చెట్టు మీద ఉన్నదేనని అక్కడ ఎవరికీ ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది. అయినా సర్కారు ప్లీడరు ఒప్పుకోలేదు.

"ఏడు ముడుల తాడు ఎవరైనా వేస్తారు" అన్నాడు.

వీణని బల్లమీద పెట్టి తాడు పరిచాను. యాళి మెడ, పైమెట్టు, దండి కింది బుర్ర, నడిమి మెట్టు, ఆఖరి మెట్టు, తీగలు ఆనే గుర్రం, కుండ అంచు. ఏడు ముడులూ ఏడు చోట్ల కూర్చున్నాయి. దొర లేచి వచ్చి వంగి చూశాడు.

"ఇంత పొట్టి వీణ ఎక్కడుంది? తాడుకి తగ్గట్టు తరవాత చేయించి ఉండొచ్చు" అన్నాడు ప్లీడరు.

అప్పుడు రవిక చెయ్యి పైకి మడిచాను. మోచేతి నుంచి వేలి కొస దాకా తాడు పెట్టి చూపించాను, వంకర దగ్గర తాడు ఎలా మళ్ళుతుందో చూపించాను. ఈ చెయ్యి కూడా తరవాత చేయించానా అని అడిగాను.

"ఆ చెయ్యి ఎలా విరిగింది?" అన్నాడు ప్లీడరు.

కచేరీలో విజయనగరంవాళ్ళు నలుగురున్నారు. మా ఎదురింటాయన అల్లుడు కూడా ఉన్నాడు. చెప్పాను. మొగుడు వీణ దండితో కొట్టి విరిచాడని, మెట్ల మీంచి పడ్డానని చెప్పింది అబద్ధమని. దుబాసీ అది ఇంగ్లీషులోకి మార్చడానికి తటపటాయించాడు. మారుస్తావా, నేనే దొరకి అభినయించి చూపించనా అన్నాను. మార్చాడు. రాసుకున్నారు.

నీ పేరు కూడా చెప్పాను. నీ ఉత్తరాలు ఇచ్చాను, గొడ్డలి ఉత్తరం తప్ప. అది ఇవ్వలేకపోయాను.

రత్నాలు.

*

గుమ్మలక్ష్మీపురం,
30 ఆగస్టు 1923.

కలెక్టరు ఉత్తరువు వచ్చింది. డిస్మిస్. బంగళా ఖాళీ చెయ్యడానికి ఏడు రోజులు ఇచ్చారు. సరిగ్గా ఏడు. నవ్వుకున్నావా?

నిన్న సంతలో దేముడమ్మ ఎదురుపడింది. అరవలేదు, తిట్టలేదు. నా మొహం మీద ఉమ్మేసి, బుట్ట సర్దుకుని పోయింది. సంత అంతా చూసింది. ఒక్కడూ ఆమెని ఏమీ అనలేదు.  ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాను, మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను. మల్లేశు పోయిన అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఎక్కడికి పోవాలో తెలియడం లేదు అక్కా.

కృ.

*

విజయనగరం,
6 నవంబరు 1923.

తమ్ముడు కృష్ణమూర్తికి,

నువ్వు బొర్రా వైపు ఎవరో కర్రల వర్తకుడి దగ్గర ఉన్నావని తెలిసి ఈ ఉత్తరం పంపుతున్నాను. అందితే చదువు.

మంగ్లుకి ఉరి తప్పింది. తాళ్ళు భయం కొద్దీ పంపినవే గానీ ఫితూరీకి కాదని తీర్పు. బాణం వేసింది భీముడని కోతగాళ్ళు చెప్పారు, భీముడు లేడు. ఇన్నాళ్ళ జైలే శిక్ష కింద సరిపెట్టి ఏడుగురినీ వదిలేశారు. ఏడుగురని రాశాను గానీ నడిచి బయటికి వచ్చింది అయిదుగురు. ఇద్దరు జైల్లోనే పోయారు.

నిన్న ఉదయం విశాఖపట్నం నుంచి పార్వతీపురం రైలు మారడానికి మంగ్లూ, దేముడమ్మా ఇక్కడ దిగారు. సత్యనారాయణగారు వాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చారు. దండం పెట్టడానికి కాదు. అతనే అడిగాడట, "మా సెట్టు సూడాల" అని.

వీణ తెచ్చి చాప మీద పెట్టాను. వంటింట్లోంచి కత్తిపీట కూడా తెచ్చి పక్కన పెట్టాను. అతను పగలగొడతానంటే అడ్డుపడకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను. వరహాలరావు చేస్తే పాపమైంది, నువ్వు చేస్తానంటే భయమైంది. ఇతను చేస్తే న్యాయం అనుకున్నాను. సత్యనారాయణగారు కత్తిపీట చూసి ఏదో అనబోయారు, చెయ్యెత్తి ఆపాను.

మంగ్లు కత్తిపీట వైపు చూడనే లేదు. కూర్చుని కుండ మీద అరచెయ్యి పెట్టాడు. వంగి వాసన చూశాడు. దేముడమ్మ దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది, దగ్గరికి రాలేదు. అతను తలెత్తి నన్ను అడిగాడు.

"పలుకుద్దా?"

ఏ కీర్తనకీ నోరు రాలేదు, చెయ్యి రాలేదు. సారణి మీద ఒక్కొక్క మెట్టే మీటుకుంటూ వెళ్ళాను, మొదటి నుంచి ఇరవై నాలుగు దాకా. ఎప్పుడూ పలకనంత బాగా పలికింది. ఈసారైనా తడబడితే బాగుండునని చూశాను, ఎక్కడా తడబడలేదు. దేముడమ్మ గోడ మీంచి జారి కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. మంగ్లు కళ్ళు మూసుకుని విన్నాడు. ఆఖరి మెట్టు నాదం పూర్తిగా ఆగేదాకా కదలలేదు.

తరవాత అన్నాడు, "బాగుంది తల్లీ. సాలా బాగుంది." మళ్ళీ ఒకసారి కుండ తడిమాడు. "బాగోకపోతే బాగున్ను."

రైలు వేళయింది. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

అక్క,
రత్నాలు.